టార్చి మీట మీద ఎర్ర చుక్క

ఫోన్లో బ్యాలెన్స్ ఎటు పోయిందని ఎవరడిగినా చెప్పగలను. గొప్పలు పోవడం కాదు. యర్రగొండపాలెం బస్టాండు పక్కన ఇన్నేళ్ళుగా రీచార్జి దుకాణం నడుపుతున్నదాన్ని, ఆ మాత్రం తెలియకపోతే షట్టరు దించుకుని ఇంటికి పోవాలి. ఇప్పుడంటే నెలకింత కడితే ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చు, రోజుకింత నెట్ వాడుకోవచ్చు అని ప్యాకులొచ్చాయి కాబట్టి జనం కాస్త కుదుటపడ్డారు. అయినా సాయంత్రమయ్యేసరికి ఎవరో ఒకరు మొహం వేలాడేసుకుని వస్తారు. "అక్కా, పొద్దున్నుంచి ఫోనే ముట్టుకోలే. డేటా అంతా అయిపోయిందంట. యాడికి పోయింది?" అంటారు. నేను ఫోన్ తీసుకుని, లోపల ఎవరూ అడక్కుండానే దిగుతున్న ఫొటోలూ వీడియోలూ ఆపేసి మళ్ళీ చేతిలో పెడతాను. డబ్బులేమీ తీసుకోను. "ఇంకోసారి ఇదే పని మీద వస్తే తిడతా" అంటాను. నవ్వుతారు గానీ, నేను నిజంగానే తిడతానని వాళ్ళకు తెలుసు.

నోరు నాకు పుట్టుకతోనే వచ్చింది. ఈ తెలివి మాత్రం ఒక అవ్వ వల్ల వచ్చింది. ఆ అవ్వ నన్ను బస్టాండులో నలుగురి ముందు దొంగ అన్నది.

మాది మార్కాపురం. నాన్న పలకల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. పెళ్ళయ్యాక యర్రగొండపాలెం వచ్చాను. మా ఆయన లారీ మీద తిరిగే మనిషి కాబట్టి దుకాణం పూర్తిగా నాదే. ఇంట్లో ఉర్దూ, దుకాణంలో తెలుగు, పోట్లాటకు దిగితే రెండూ. నాన్న ఇచ్చిన పెద్ద పలక ఒకటి గోడకు తగిలించి, దాని మీద సుద్దతో ఆ రోజు ఆఫర్లు రాసేదాన్ని. ఎంత వేయిస్తే ఎంత వస్తుందో, ఎన్నాళ్ళుంటుందో, దారిన పోయేవాళ్ళకు కూడా కనపడాలి. నా దగ్గర దాపరికం ఏమీ ఉండకూడదని నా పట్టుదల. దాచేవాళ్ళు నాకు పైన, కంపెనీలో ఉన్నారని అప్పటికి నాకు తెలియదు.

అవి చిన్న మీటల ఫోన్ల రోజులు. ఇరవయ్యో ముప్పయ్యో వేయించుకుంటే ఆ బ్యాలెన్సు మాట్లాడిన కొద్దీ తరిగేది. నెట్ కావాలంటే వేరే ప్యాకు వేయించుకోవాలి. ప్యాకు లేకుండా నెట్ తెరిస్తే, లేదా ప్యాకు అయిపోయాక కూడా తెరిచే ఉంచితే, అసలు బ్యాలెన్సులోంచి కోసేవారు. ఆ కోత ఎట్లా ఉండేదంటే, ఒక బొమ్మ సగం కనపడేలోపు వేయించుకున్నదంతా ఖాళీ అయ్యేది. ఈ సంగతి సిమ్ముతో పాటు వచ్చే మడత కాగితంలో చీమ తలకాయంత అక్షరాలతో, ఇంగ్లీషులో ఉండేది. నెట్ కావాలా అని మాత్రం ఎవరూ అడిగేవారు కాదు. సిమ్ము వేసిన రోజునే అది తెరుచుకుని కూర్చునేది.

అంత భయంగా బ్యాలెన్సు వాడుకునేవాళ్ళు కాబట్టే మా పక్క మిస్డ్ కాల్ అనేది ఒక మర్యాదగా నిలబడిపోయింది. బస్సు ఎక్కానని ఒక మిస్డ్ కాల్. బియ్యం పొయ్యి మీద పెట్టమని ఒకటి. బాగున్నానని ఒకటి. ఒకటి రెండుసార్లు మోగించి ఆపాలి. అవతలివాళ్ళు ఎత్తకూడదు. ఎత్తితే ఇవతలివాళ్ళకు ఖర్చు. తెలిసిన నంబరు మోగుతుంటే చేతులు కట్టుకుని చూస్తూ కూర్చోవడమే సంస్కారం. మోగడం ఆగాక, బ్యాలెన్సు ఎవరి దగ్గర ఉంటే వాళ్ళు తిరిగి చేయాలి. పట్నం వాళ్ళు విని నవ్వుతారు. నవ్వనీ. మా ఇళ్ళల్లో పెళ్ళిళ్ళు కుదిరిందీ, చావు కబుర్లు చేరిందీ ఆ మోతలతోనే.

ఇక అవ్వ సంగతి. ఆమెది అడవి అంచున ఉన్న చిన్న పల్లె. భర్త పోయి చాలా కాలమైంది. ఒక బర్రె, దాని పాలు, అంతే ఆమె లోకం. ఆమె ఫోన్ కొన్నది ఒకే ఒక్క మనిషి కోసం. గిద్దలూరు దగ్గరి పల్లెలో ఉన్న చెల్లెలి కోసం. ఇద్దరికీ మోకాళ్ళు పోయాయి. ఇక్కడ బస్సెక్కి మార్కాపురంలో దిగి, మళ్ళీ కంభం మీదుగా గిద్దలూరు పోయి, అక్కడి నుంచి ఆటో పట్టుకోవడం ఇద్దరి వల్లా కాదు. పైగా చెల్లెలికి చూపు సరిగా ఆనదు. ఎవరో పుణ్యాత్ములు ఆమె ఫోన్లో ఒకే మీట గట్టిగా నొక్కితే అక్కకు పోయేట్టు పెట్టిచ్చారు. అక్క ఫోన్ చేస్తే వేరే పాట మోగేట్టు కూడా పెట్టారు. ఆ పాట వింటేనే చెల్లెలు ఎత్తుతుంది. వేరే మోత ఏది వచ్చినా కంపెనీ వాళ్ళేలే అని వదిలేస్తుంది.

రోజూ పాలు పితికే వేళకు చెల్లెలు మిస్డ్ కాల్ ఇచ్చేది. బర్రె పని కాగానే అక్క తిరిగి చేసేది. ఏం మాట్లాడుకుంటారవ్వా అంటే, "ఏముంది అమ్మాయ్, నిద్ర పట్టిందా అంటా. పట్టిందంటది. ఏం కూర అంటా. చెప్తది. ఇంగేముంటది" అనేది. ఆ ఇంగేముంటది అన్న మాట కోసమే ఆమె అంత దూరం నుంచి బస్సు దిగి నా దగ్గర రీచార్జి చేయించుకునేది.

మొదటిసారి బ్యాలెన్సు మాయమైందని వచ్చినప్పుడు నేను తాపీగానే చెప్పాను. రీచార్జి అయినట్టు వచ్చిన మెసేజ్ చూపించాను. ఆమెకు చదువు రాదు, కాబట్టి నా మొహం చూసి నమ్మింది. మళ్ళీ వేయించుకుని పోయింది. మళ్ళీ అదే కథ. చెల్లెలికి చేద్దామని నొక్కితే ఫోన్లో ఒకావిడ "తగినంత బ్యాలెన్సు లేదు" అంటుందట. "ఆ మాట చెప్పేదానికి ఆమె నాతో ఎంతసేపైనా మాట్లాడతాది, నేను నా చెల్లెలితో రెండు మాటలు మాట్లాడేదానికి లేదు" అన్నది అవ్వ. నాకు నవ్వొచ్చింది. ఆమెకు రాలేదు.

ఆ తర్వాత వచ్చినప్పుడు ఆమె దుకాణం మెట్లెక్కలేదు. బస్టాండులో నిలబడి, తన ఊరి వాళ్ళందరూ వింటుండగా గొంతెత్తింది.

"ఈ పిల్ల కాడ ఏయించుకోబాకండి. నా బ్యాలెన్సంతా తింటాంది. అడిగితే మెసేజీ చూడమంటది. నాకు చదువొస్తే దీని కాడికి ఎందుకొస్తా?"

నాకు తల కొట్టేసినట్టయింది. దుకాణం దిగి పోయాను. "అవ్వా, నీ బ్యాలెన్సు తిని నేను మేడలు కట్టానా? చూడు, ఇదే నా మేడ" అని రేకుల షెడ్డు చూపించాను. అందరూ చూస్తున్నారు. నేను ఇంకా ఏమేమో అనేదాన్ని. కానీ ఆమె ఉన్నట్టుండి బస్టాండు అరుగు మీద కూలబడి ఏడవడం మొదలుపెట్టింది. పోట్లాడే మనిషితో పోట్లాడగలను, ఏడ్చే మనిషితో ఏం చేయాలో నాకు ఇప్పటికీ చేతకాదు. పక్కన కూర్చున్నాను.

అప్పుడు బయటికొచ్చింది అసలు బాధ. అంతకు ముందు కంభంలో బంధువుల పెళ్ళికి, పెళ్ళివారే బండి పంపితే, అక్కచెల్లెళ్ళిద్దరూ పోయి కలిశారు. కంటి ఆపరేషన్ చేయించుకోమని ఎన్నిసార్లు చెప్పినా చెల్లెలు వినడం లేదని, అవ్వ భోజనాల దగ్గర అందరి ముందూ కసిరింది. "గుడ్డిదానివై పోయి నా మెడకు చుట్టుకోవాలని చూస్తాండావా" అన్నదట. ప్రేమతో అన్న మాటే. కానీ మాట మాటే కదా. చెల్లెలు విస్తరి ముందు నుంచి లేచిపోయింది. ఇంటికి చేరాక మాత్రం ఏమీ జరగనట్టు పొద్దున్నే మిస్డ్ కాల్ ఇచ్చింది. అవ్వ తిరిగి చేయబోతే బ్యాలెన్సు లేదు. మర్నాడూ లేదు. ఆ మర్నాడూ లేదు.

"నేను కావాలనే చెయ్యలేదనుకుంటాంది. పెళ్ళిలో తిట్టింది చాలక మాటలు కూడా మానేసినానని అనుకుంటాంది. ఇప్పుడు దానికీ కోపమొచ్చింది అమ్మాయ్."

"నీకెట్లా తెలుసు?" అన్నాను.

"మోత చెప్తాంది కదా. ముందు రెండుసార్లు మోగి ఆగేది. ఇప్పుడు గొంతు చించుకున్నట్టు మోగిస్తాంది. మోగీ మోగీ అదే ఆగిపోవాల తప్ప ఇది ఆపదు. అంత కోపం."

నాకూ అది కోపమే అనిపించింది. పొడుగాటి మోత అంటే మా పక్క అర్థం అదే. నా ఫోన్ తీసి ఇచ్చాను, చేసి మాట్లాడమని. చేసింది. మోగి మోగి ఆగింది. తెలియని మోతను చెల్లెలు ఎత్తదు. మళ్ళీ చేసింది. మళ్ళీ అంతే. అక్క ఫోన్ నుంచి పోతే తప్ప ఆ తలుపు తెరుచుకోదు. అక్క ఫోన్లో బ్యాలెన్సు నిలవదు.

దుకాణం పరువు సంగతి నాకు ఉంది, లేదనను. ఆ పల్లె వాళ్ళంతా నన్ను దాటుకుని ఎదుటి దుకాణానికి పోవడం మొదలుపెట్టారు, నా కడుపు మండిపోయింది. కానీ ఆ రోజు అరుగు మీద నాకు పంతం పట్టింది మాత్రం ఆ అక్కచెల్లెళ్ళ కోసమే. ఆ బ్యాలెన్సు ఎవరు తింటున్నారో తేల్చకపోతే నేను ఈ వ్యాపారంలో ఉండి దండగ.

మర్నాడు మార్కాపురం బస్సెక్కాను. కంపెనీ ఆఫీసు అద్దాల తలుపులతో, చల్లగా, పెళ్ళివారిల్లులా ఉంది. మెడకు టై కట్టుకున్న ఒకాయన అవ్వ నంబరు కంప్యూటర్లో కొట్టాడు.

"కస్టమర్ నెట్ వాడుతున్నారు మేడమ్. ప్యాక్ లేకుండా వాడుతున్నారు. అందుకని మెయిన్ బ్యాలెన్స్ కట్ అవుతోంది."

"ఆమెకు చదువు రాదు సార్. నెట్ అంటే చేపలు పట్టే వల అనుకుంటుంది."

"సిస్టమ్‌లో కనపడుతోంది మేడమ్."

"ఏం చూసిందో కూడా కనపడుతోందా? సినిమా చూసిందా, వంటలు చూసిందా?"

"అది మాకు తెలియదు."

"చూసింది ఏందో తెలీదు, డబ్బు కోసేది మాత్రం తెలుసు. ఇట్లా కోస్తామని ఆమెకు ముందు చెప్పినారా?"

ఆయన ఆ మడత కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. నేను దాన్ని ఆయన చేతికే ఇచ్చి, "తెలుగులో చెప్పండి" అన్నాను. వెనక వరసలో ఉన్నవాళ్ళంతా చెవులు రిక్కించారు. ఆయన ఒక వాక్యం చదివి ఆగాడు, ఇంకో వాక్యం చదివి నీళ్ళు నమిలాడు. మూడో వాక్యం ఆయనకే అర్థం కాలేదు. నెట్ వద్దనుకుంటే ఫలానా నంబరుకు మెసేజ్ పెడితే ఆగిపోతుందని చెప్పి, పోయిన డబ్బు మాత్రం తిరిగి రాదని చేతులెత్తేశాడు. నేను ఉర్దూలో ఒక మాటా తెలుగులో ఒక మాటా అని బయటికొచ్చాను. ఆ మెసేజ్ పెట్టాలని కూడా నాకు తోచలేదు. వాడని నెట్‌ను ఆపడమేమిటి? వీళ్ళు అబద్ధమాడుతున్నారని నాకు గట్టి నమ్మకం.

అవ్వకు కబురు పెట్టాను, ఫోన్ తీసుకుని రమ్మని. వచ్చింది గానీ మొహం ముడుచుకునే వచ్చింది. స్టూలు మీద కూర్చోమన్నాను. మా దుకాణం పొడుగ్గా, లోపలికి పోయే కొద్దీ చీకటిగా ఉంటుంది. కిటికీ లేదు. నేను వెనక అరలో ఏదో వెతుకుతుండగా కరెంటు పోయింది. ఎండాకాలం మధ్యాహ్నం కరెంటు పోవడం మాకు కొత్త కాదు. చేతితో తడుముకుంటున్నాను.

"ఉండు అమ్మాయ్, లైటేస్తా. ఆడ తేలో ఏందో ఉంటది" అన్నది అవ్వ.

నన్ను దొంగ అన్న మనిషే, నాకు తేలు కుడుతుందేమోనని రొండిన దోపుకున్న చిన్న గుడ్డ సంచి విప్పి ఫోన్ తీసింది. బల్ల మీదుగా చెయ్యి చాపి నా ముందు వెలుతురు పడేట్టు పట్టుకుంది. ఆమె చూపు నా కాళ్ళ దగ్గర, తేలు కోసం. నా చూపు మాత్రం ఆమె ఫోన్ మీద పడింది. చిన్న తెర మీద భూగోళం బొమ్మ ఒకటి గిర్రున తిరుగుతోంది. దాని కింద ఒక గీత మెల్లగా నిండుతోంది.

నెట్ తెరుచుకుని ఉంది.

"అవ్వా, కదలొద్దు" అన్నాను.

"తేలా?" అన్నది భయంగా.

"కాదు. లైటు ఆర్పు. ఇప్పుడు మళ్ళీ వెయ్యి. రోజూ ఎట్లా వేస్తావో అట్లే."

ఆ రకం ఫోన్లకు అంకెల పైన గుండ్రటి మీట ఒకటి ఉండేది. దాని పై అంచు నొక్కితే టార్చి వెలిగేది. సరిగ్గా మధ్యలో నొక్కితే నెట్ తెరుచుకునేది. రెంటికీ మధ్య దూరం గోరంత. అవ్వ బొటనవేలు పోయి ముందు మీట నడిబొడ్డున దిగింది. వెలగలేదు. వేలు వెంట్రుకవాసి పైకి జరిగింది. వెలిగింది. తెర మీద మళ్ళీ భూగోళం.

"తెల్లారకముందు కూడా ఇట్లనే వేస్తావా?"

"ఇంగెట్ల ఏస్తారు? ఈ మధ్య చేతి లైటు పాడైనకాడి నుంచి దీంతోనే. బర్రె కాడికి పోవాల కదా. పుట్రా పురుగూ ఉంటయ్. ఒకసారి నొక్కితే ఎలగదు, రొండోసారి ఎలుగుతాది. ఈ ఫోన్ అంతే."

అడవి అంచున బతికేవాళ్ళు చీకట్లో ఫోన్ మొహం చూడరు. కాలు పెట్టే చోటు చూస్తారు. వెలుతురు ముందుకు పడాలి, చూపు నేల మీద ఉండాలి. ఆమె బర్రె దగ్గర పాలు పితుకుతున్నంత సేపూ, ఆ తర్వాత సంచిలో పెట్టి రొండిన దోపుకున్నాక కూడా, కంపెనీ వాళ్ళ నెట్ ఎవరికీ కనపడకుండా నడుస్తూనే ఉండేది. సరిగ్గా ఆ వేళకే చెల్లెలు మిస్డ్ కాల్ ఇచ్చేది. అప్పటికి అక్క దగ్గర ఏమీ మిగిలేది కాదు.

నేను పకపకా నవ్వాను. అవ్వ బిత్తరపోయి చూసింది. నవ్వు ఆగాక కోపం వచ్చింది. టై ఆయన నిజమే చెప్పాడు, ఆమె నెట్ వాడింది. పాముకు భయపడి లైటు వేసుకున్న ప్రతిసారీ వాడింది. వాకిట్లో దీపం మీట పక్కనే డబ్బు కోసే మీట బిగించి, ఆ సంగతి చెప్పకుండా పోయినవాడిని ఏమనాలి? ఆఫీసుకు ఫోన్ చేసి అదే అడిగాను. "ఫోన్ డిజైన్ మాది కాదు మేడమ్" అన్నాడు. "సిమ్ము మీదే కదా. అడగందే నెట్ తెరవకుండా ఉండటం మీ చేతిలో పనే కదా" అన్నాను. మళ్ళీ అదే మాట చెప్పాడు. మనిషి చెడ్డవాడు కాదు, పైవాళ్ళు చెప్పమన్నది చెప్తున్నాడు. అయినా నేను వదల్లేదు. అటుపక్క ఫోన్ పెట్టేసేదాకా మాట్లాడాను.

ఆ రోజే పలక మీద ఆఫర్లన్నీ తుడిచేశాను. "ప్యాకు లేకుండా నెట్ తెరుచుకుంటే మీ బ్యాలెన్సు పోతుంది. టార్చి వేసేటప్పుడు మీట మధ్యలో నొక్కొద్దు. తెలియకపోతే లోపలికి రండి" అని పెద్ద అక్షరాలతో రాశాను. చదువు రానివాళ్ళకు చదివి వినిపించాను.

అవ్వ ఫోన్ నుంచి నెట్ వద్దని మెసేజ్ పంపాను. సెట్టింగుల్లో నెట్‌కు సంబంధించినవన్నీ తీసేశాను. అది చాలు. కానీ నాకు తృప్తి కాలేదు. కంపెనీ వాళ్ళు ఎప్పుడు మళ్ళీ ఆ సెట్టింగులు పంపుతారో తెలియదు. చీకట్లో ఆ వేలికి దారి తెలియాలి. పక్కన గాజుల దుకాణానికి పోయి ఎర్ర గోళ్ళరంగు సీసా కొన్నాను. నేను వేసుకోను. నమాజుకు ముందు చేతులు కడిగేటప్పుడు నీళ్ళు గోటికి తగలాలి, రంగు అడ్డం. నా జన్మలో కొన్న మొదటి గోళ్ళరంగు సీసా అది, అవ్వ ఫోన్ కోసం. మీట పై అంచున ఒక చుక్క పెట్టాను. ఆరాక దాని మీద ఇంకోటి, మళ్ళీ ఇంకోటి. పొక్కులా పైకి లేచింది.

"కళ్ళు మూసుకుని తడిమి చూడు. గరుకు తగిలిన చోటే నొక్కు" అన్నాను.

అవ్వ కళ్ళు గట్టిగా మూసుకుంది. బొటనవేలు మీట మీద తిరిగి, చుక్క దగ్గర ఆగింది. నొక్కింది. మొదటిసారికే వెలిగింది. కళ్ళు తెరిచి తెర వైపు చూసింది. భూగోళం లేదు.

"నుదుట బొట్టు పెట్టినట్టు పెట్టినావే" అన్నది. ఇంతలో ఏదో గుర్తొచ్చినట్టు తల దించుకుంది. "నిన్ను నోటికొచ్చిందంతా అంటి."

"అనేశావు, నేనూ అన్నాను, అయిపోయింది" అన్నాను. "మీ ఊరి వాళ్ళకు కూడా బస్టాండులో నిలబడి ఆ రోజంత గట్టిగానే చెప్పు, ఇది నా తప్పు కాదని." నేనేమీ ఊరికే క్షమించే రకం కాదు. తర్వాత ఆమె నేనన్నట్టే చేసింది. ఆ సీసాతో ఎన్ని ఫోన్లకు బొట్లు పెట్టానో లెక్కలేదు, నల్లమల అంచు పల్లెల్లో నా చుక్క లేని ఫోన్ అరుదు అనిపించుకున్నాను. కానీ ఆ మధ్యాహ్నం ఇంకా ఒక పని మిగిలే ఉంది.

ఆమె ఫోన్లో రీచార్జి వేశాను, నా డబ్బుతో. దయతో కాదు, పంతంతో. "ఇప్పుడు చెయ్యి, మీ చెల్లెలికి" అన్నాను.

అవ్వ ఫోన్ నా చేతికే ఇచ్చింది. నేనే నంబరు నొక్కి ఇచ్చాను. అవతల మోగింది. ఆ పల్లెలో, అక్క పాట మోగుతూ ఉంటుంది. రెండుసార్లు మోగిందో లేదో, ఠక్కున తెగిపోయింది.

"కోసేసింది" అన్నది అవ్వ. ఫోన్ ఒళ్ళో పెట్టుకుంది. "చూసినావా. నా పాట తెలిసీ కోసేసింది. నాతో మాట్లాడదు అది ఇంగ."

ఇంత చేసీ, అసలు చోట ఓడిపోయాననిపించింది. మళ్ళీ చేయి అనడానికి నోరు తెరిచేలోపు ఆమె ఒళ్ళో ఫోన్ మోగింది. తెర చూశాను. చెల్లెలే.

అవ్వ మొహం వెలిగిపోయింది. "మిస్డ్ కాల్ ఇస్తాంది! ఉండు, ఆగనీ" అన్నది. ఇద్దరం చేతులు కట్టుకుని చూస్తూ కూర్చున్నాం. ఒకసారి మోగింది. రెండుసార్లు. ఇక ఆగాలి. ఆగలేదు. మోగుతూనే ఉంది. అవ్వ మొహంలో వెలుగు మెల్లగా తగ్గింది. "కోపమే. ఇంగా కోపమే" అని గొణిగింది.

మోగీ మోగీ అదే ఆగింది. అవ్వ తిరిగి చేసింది. అవతల మళ్ళీ కోసేసింది. క్షణం గడవలేదు, మళ్ళీ ఇటు మోత, పొడుగ్గా, వదలకుండా.

అప్పుడు తట్టింది నాకు. మిస్డ్ కాల్ ఇవ్వాలనుకునే మనిషి ఇంతసేపు మోగించదు. కోపమున్న మనిషి కోసేసి ఊరుకుంటుంది తప్ప, వెంటనే తను చేయదు. మేమిద్దరం మర్యాదగా చేతులు కట్టుకుని కూర్చుని, ఆమె ఇన్నాళ్ళుగా కొడుతున్న తలుపు తీయకుండా ఉన్నాం.

"అవ్వా, ఎత్తు!" అన్నాను.

"ఎత్తితే దాని డబ్బులు పోతయ్ కదమ్మాయ్!"

"పోనీ, ఎత్తు!"

ఆమె ఎత్తదని తెలుసు. నేనే పచ్చ మీట నొక్కి ఫోన్ ఆమె చెవికి ఆనించాను. అవతలి గొంతు ఎంత గట్టిగా వచ్చిందంటే, దుకాణమంతా వినపడింది.

"ఎత్తినావా! ఎన్నాళ్ళకు ఎత్తినావే అక్కా! పొద్దున్నే మోగిచ్చీ మోగిచ్చీ నా వేలు వాచిపోయింది. ఎందుకెత్తవు?"

అవ్వ ఫోన్ రెండు చేతులా పట్టుకుంది. "నువ్వేందే, అంతంతసేపు మోగిస్తివి? నీకు కోపమనుకుంటి. పెళ్ళిలో తిట్టినానని."

"కోపమేందే? నువ్వు తిట్టక ఎవరు తిడతారు నన్ను? నువ్వు తిరిగి చెయ్యకపోతే, పాపం నీ కాడ ఏయించుకునేదానికి డబ్బుల్లేవేమో అనుకుంటి. అందుకని నేనే ఏయించుకుంటి. ఈసారి నేనే చేసి మాట్లాడతాలే మా అక్కతో అని. ఇప్పుడు నువ్వు చేస్తే కోసిందీ అందుకే."

అవ్వ కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి. నాకూ కారాయి, దాచుకోలేదు. కానీ ఎన్నేళ్ళ అలవాటు ఊరికే పోతుందా? ఆమె ఫోన్ చేత్తో మూసి నా వైపు తిరిగింది.

"అమ్మాయ్, దాని డబ్బులు పోతాండయ్. కోసేసి నేను చెయ్యనా? నా కాడ ఉంది కదా ఇప్పుడు."

చెయ్యి అడ్డం పెడితే వినపడకుండా పోయే గొంతు కాదు అవ్వది. అవతల చెల్లెలు వినేసింది.

"కొయ్యొద్దక్కా" అన్నది. "ఇది నా బ్యాలెన్సు. అయిపోయేదాకా మాట్లాడు."